మొదటి కోతకు ముందే

1949 ఫిబ్రవరి 9. అరుణాచలం కొండ పాదాన రమణాశ్రమం.

ఆ చలికాలంలో భగవాన్ రమణ మహర్షి ఎడమ మోచేతి దిగువన చిన్న గడ్డ ఒకటి లేచింది. ఆయనకు అప్పటికి 69 ఏళ్లు నిండి నెల దాటింది. గడ్డను చూసినవాళ్లెవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు. ఆశ్రమ వైద్యుడు డాక్టర్ శంకరరావు ఆ రోజు దాన్ని కోసి తీసేశారు. చేతికి కట్టు కట్టారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ.

నెల తిరక్కముందే గడ్డ మళ్లీ వచ్చింది. అదే చోట వచ్చింది. ముందుకన్నా పెద్దది, నొప్పి కూడా ఎక్కువ.

చిత్తూరు జిల్లా వాళ్లకు అరుణాచలం పరాయి ఊరు కాదు. పౌర్ణమి వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు బస్టాండ్లలో తిరువణ్ణామలై బస్సులు కిటకిటలాడతాయి. వేలూరు దాటి వెళ్లి, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసి, తెల్లారేసరికి తిరిగి వచ్చేవాళ్లు వేలమంది. 1911లో వేరు జిల్లా అయ్యేదాకా ఉత్తర ఆర్కాటుకు చిత్తూరే ముఖ్యపట్టణం. భగవాన్ చేతికి పుండు పడిన 1949లో తిరువణ్ణామలై ఉన్నది ఆ ఉత్తర ఆర్కాటులోనే.

ఆ జబ్బును ఆయన ఎంత నిబ్బరంగా భరించారో భక్తులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గడ్డ తీసిన ప్రతిసారీ ఎందుకు తిరిగి వచ్చిందో చెప్పుకునేవాళ్లు తక్కువ. ఈ వారం ఆ సంగతే చెప్పుకోవాలి. ఎందుకంటే మోచేతి మీదో తొడ మీదో లేచిన గడ్డను ఏమిటో తేల్చుకోకుండా కోయించుకోవడం, అది తిరిగొచ్చాక పెద్దాసుపత్రికి పరుగెత్తడం 75 ఏళ్ల తర్వాత కూడా మన ఊళ్లలో ఆగలేదు.

కుంభాభిషేకం అయిన పది రోజులకు

ఆ మార్చి నెలలో ఆశ్రమం జనసంద్రంగా ఉంది. భగవాన్ తల్లి అళగమ్మ సమాధి మీద ఏళ్ల తరబడి కట్టిన మాతృభూతేశ్వరాలయం పూర్తయింది. 1949 మార్చి 17న మహాకుంభాభిషేకం. దేశం నలుమూలల నుంచి భక్తులు వచ్చారు. చేతిలో గడ్డతోనే ఆయన ఆ ఉత్సవమంతా జనం మధ్య ఉన్నారు. దర్శనానికి వచ్చిన ఏ ఒక్కరినీ ఆపవద్దన్నది ఆయన పట్టు.

ఈ రోజుల్ని దగ్గర నుంచి చూసిన తెలుగువాళ్లు ఉన్నారు. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి ఆశ్రమాన్నే నమ్ముకున్న సూరి నాగమ్మ గారు వాళ్లలో ముఖ్యులు. ఆశ్రమంలో తాను చూసిందీ విన్నదీ 1945 నవంబరు నుంచి మద్రాసులోని అన్నగారు డి.ఎస్. శాస్త్రికి తెలుగులో ఉత్తరాలుగా రాసేవారు. అవే తర్వాత రమణాశ్రమ లేఖలుగా ఇంటింటా చేరాయి. ఆడవాళ్లు రాత్రిపూట ఆశ్రమంలో ఉండకూడదన్నది నియమం. పొద్దుగూకితే నాగమ్మ గారు బయటి ఇంటికి వెళ్లిపోవాలి. చేతి కట్టు ఎలా ఉందో, పుండు ఏ తీరున ఉందో తెలుసుకోవడానికి ఆమెలాంటివాళ్లు మళ్లీ తెల్లవారే దాకా కాచుకోవలసిందే.

మార్చి 27న మద్రాసు నుంచి ప్రసిద్ధ సర్జన్ డాక్టర్ రాఘవాచారి వచ్చారు. ఈసారి పెద్ద ఆపరేషనే జరిగింది. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్ష చేశారు. ఫలితం వచ్చింది. సార్కోమా.

సార్కోమా అంటే కండరం, కొవ్వు, నరం, ఎముక లాంటి కట్టుబడి కణజాలంలో పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి ఉంటుంది. అరుదైనది కాబట్టే మొదట్లో ఎవరికీ అనుమానం రాదు. చర్మం కింద వచ్చే గడ్డల్లో చాలావరకు నిజంగానే కొవ్వు గడ్డలు, వాటివల్ల ప్రాణానికి ముప్పు లేదు. ఆ గుంపులో కలిసి సార్కోమా కూడా నొప్పి లేకుండా, నున్నగా, అమాయకంగా కూర్చుంటుంది.

గడ్డ చుట్టూ ఏముంది?

సార్కోమా పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న మంచి కండను ఒత్తుకుంటూ పోతుంది. ఒత్తుకుపోయిన ఆ కండ గడ్డ చుట్టూ పొరలా ఏర్పడుతుంది. చర్మం కోసి చూసిన సర్జన్‌కు గడ్డ ఆ పొరలో చక్కగా చుట్టి ఉన్నట్టు కనిపిస్తుంది. వేలు పెట్టి పొర వెంబడి ఒలిస్తే గుండుగా ఊడి వస్తుంది. బయటికి తీసి చూస్తే ఎక్కడా చిరగలేదు, మొత్తం వచ్చేసిందనే అనిపిస్తుంది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ పొర గడ్డకు నిజమైన గోడ కాదు. పొర లోపలా, పొర దాటి అవతలి కండలోనూ క్యాన్సర్ కణాలు చిన్న చిన్న గుంపులుగా పాకి ఉంటాయి. కంటికి కనిపించవు, వేలికి తగలవు. మన మెట్టపొలాల్లో చెనక్కాయ చెట్టు పీకినప్పుడు గుత్తి మొత్తం చేతికొచ్చిందనుకుంటాం. పరిగె ఏరుకునేవాళ్లు వచ్చి తవ్వితే ఇంకా కాయలు దొరుకుతాయి, దొరకనివి తర్వాతి వానకు మొలకెత్తుతాయి. సార్కోమా విషయంలో జరిగేది కూడా అదే.

అందుకే క్యాన్సర్ సర్జన్ గడ్డను ఒలవడు. గడ్డకు దూరంగా, ఆరోగ్యంగా ఉన్న కండలోంచి కోసుకుంటూ వస్తాడు. గడ్డ ఆయన కంటికే కనిపించకూడదు. చుట్టూ మంచి కండ కప్పుకుని, లోపల దాక్కునే అది బయటికి రావాలి. ఆ చుట్టూ వచ్చిన మంచి కండ మందమే మార్జిన్. కోసిన ముక్క బయటి అంచు మీద క్యాన్సర్ కణం ఒక్కటీ లేకపోతే మార్జిన్ శుభ్రంగా ఉన్నట్టు. అంచు మీదే కణం కనిపించిందంటే రోగి ఒంట్లో అటువైపు కూడా కణాలు మిగిలి ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు.

అమెరికా ఎముకల సర్జన్ విలియం ఎన్నెకింగ్ 1980లో ఈ సంగతిని నాలుగు మెట్లుగా విడదీసి చెప్పారు. కత్తి గడ్డలోకే దిగడం మొదటిది, అన్నిటికన్నా చెడ్డది. పొర వెంబడి ఒలవడం రెండోది. చుట్టూ మంచి కండతో కలిపి తీయడం మూడోది. గడ్డ ఉన్న కండరాల అరను మొత్తంగా తీసేయడం నాలుగోది. మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతే గడ్డ తిరిగి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఈనాటికీ ప్రపంచమంతటా సార్కోమా సర్జన్లు మాట్లాడుకునేది ఈ లెక్కలోనే.

భగవాన్ చేతి గడ్డను ఏ మేర మార్జిన్‌తో తీశారో ఈ రోజు కూర్చుని తీర్పు చెప్పడం న్యాయం కాదు. కానీ తీసిన చోటే నెలలోపు గడ్డ లేచిందంటే వైద్యులు చదువుకునే అర్థం ఒకటే. అక్కడ కణాలు మిగిలాయి.

రేడియం, మూలికలు, మళ్లీ కత్తి

రెండో ఆపరేషన్ పుండు సరిగా మానలేదు. గడ్డ మళ్లీ తలెత్తింది. ఈసారి ఇంకా పెద్దగా, ఇంకా పైకి వచ్చింది. రేడియం చికిత్స చేశారు. పుండు నుంచి రక్తం పోయేది, మనిషి నీరసించిపోయేవారు. అయినా ఉదయం, సాయంత్రం దర్శనాలు ఆగలేదు.

అప్పుడు డాక్టర్లు ఒక మాట అన్నారు. గడ్డకు పైభాగాన చేతిని తీసేద్దాం అన్నారు. ఆ రోజుల్లో అవయవాల మీద సార్కోమాకు ప్రపంచంలో ఏ పెద్ద ఆసుపత్రిలో అడిగినా చెప్పే వైద్యం అదే. మార్జిన్ లెక్కలో చూస్తే చెయ్యి తీసేయడమంటే అందుబాటులో ఉన్న అతి పెద్ద మార్జిన్ తీసుకోవడం.

భగవాన్ ఒప్పుకోలేదు. ఈ శరీరమే ఒక రోగం, దాన్ని ముక్కలు చేయడం ఎందుకు, దాని అంతం అదే చూసుకుంటుంది, పైన కట్టు కడితే చాలు అన్న అర్థంలో చెప్పారు. అప్పుడు ఆశ్రమంలోనే ఉన్న ఆర్థర్ ఆస్బోర్న్ తన జీవితచరిత్ర గ్రంథంలో ఈ ఘట్టాన్ని వివరంగా రాశారు.

ఇక్కడ భక్తులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చెయ్యి తీయడానికి ఒప్పుకోని ఆ మహానుభావుడు వైద్యాన్ని కాదనలేదు. నాలుగుసార్లు కత్తికి చెయ్యి చాపారు. రేడియం పెట్టించుకున్నారు. హోమియోపతి, ఆయుర్వేదం, సిద్ధ వైద్యం అంటూ ఎవరు ప్రేమతో ఏ మందు తెచ్చినా ఆ మందు వాడారు. తనకు తాను ఏదీ కోరలేదు, తనను చూసుకునేవాళ్ల మనసు నొప్పించలేదు. దేహం మీద మమకారం వదిలిన జ్ఞాని తన దేహం గురించి తీసుకున్న నిర్ణయం అది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పొలం మీద అప్పు నెత్తిన ఉన్న సంసారి ఆ మాటను తన వైద్యానికి అడ్డుపెట్టుకోకూడదు.

1949 ఆగస్టు 7న మూడో ఆపరేషన్. కొన్నాళ్లు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత భుజం వైపు కొత్త గడ్డ. డిసెంబరు 19న నాలుగో ఆపరేషన్. దాని తర్వాత డాక్టర్లు తమ చేతిలో ఇంకేమీ లేదన్నారు.

1950 ఏప్రిల్ 14, శుక్రవారం. బయట భక్తులు అరుణాచల శివ అని పాడుతున్నారు. రాత్రి 8 గంటల 47 నిమిషాలకు భగవాన్ శ్వాస ఆగింది. మొదటి కోత పడిన నాటి నుంచి 14 నెలలు.

అప్పుడు లేనివి, ఇప్పుడు ఉన్నవి

ఆ డాక్టర్లను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వాళ్లు తమ కాలానికి తెలిసిన వైద్యాన్ని భక్తితో, శ్రద్ధతో చేశారు. గడ్డ ఎంత లోతుకు దిగిందో, ఏ నరాన్ని తాకిందో కోయకముందే చూపించే సాధనం 1949లో లేదు. సీటీ స్కాన్ మొదటిసారి మనిషి మీద వాడింది 1971లో. ఎమ్మారై ఇంకా తర్వాత. సార్కోమాకు పనిచేసే కీమో మందులూ అప్పటికి లేవు. అప్పటి సర్జన్ తన వేళ్లనూ తన అనుభవాన్నే నమ్ముకోవాలి.

చెయ్యి తీయాలా, ఉంచాలా అన్న ప్రశ్నకు గట్టి జవాబు 1982లో వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో డాక్టర్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం చేతులు, కాళ్ల మీద సార్కోమా ఉన్న 43 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసింది. 16 మందికి అవయవం తీసేశారు. 27 మందికి అవయవం ఉంచి, గడ్డను మార్జిన్‌తో తీసి, రేడియేషన్ ఇచ్చారు. అందరికీ కీమో కూడా ఇచ్చారు. అవయవం ఉంచినవాళ్లలో నలుగురికి గడ్డ అదే చోట తిరిగొచ్చింది, తీసేసినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. కానీ ఎంతకాలం బతికారన్న లెక్కలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తర్వాతే ప్రపంచమంతటా చేతులూ కాళ్లూ కాపాడే ఆపరేషన్లు మామూలయ్యాయి.

ఇప్పుడు చేతి మీద సార్కోమాకు పద్ధతి ఇది. ముందు ఎమ్మారై. తర్వాత లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీ. ఊపిరితిత్తులకు పాకిందేమో చూడటానికి ఛాతీ సీటీ. ఆ తర్వాత సర్జన్, రేడియేషన్ డాక్టర్, మందుల డాక్టర్, పాథాలజిస్టు కలిసి కూర్చుని నిర్ణయం. ఆపైనే కత్తి. సాధారణంగా గడ్డ చుట్టూ ఒక సెంటీమీటరుకు తగ్గకుండా మంచి కండ తీస్తారు. ఎక్కడైనా కండరాన్ని కప్పి ఉంచే గట్టి పొర అడ్డుంటే అంతకన్నా పలచటి అంచు కూడా చాలుతుంది, ఎందుకంటే ఆ పొరను దాటడం క్యాన్సర్‌కు అంత సులువు కాదు. పెద్ద నరమో రక్తనాళమో పక్కనే ఉండి అంత దూరం తీయలేకపోతే ఆ లోటును రేడియేషన్‌తో పూడుస్తారు. నాటి రేడియానికి వారసురాలైన బ్రాకీథెరపీ అనే లోపలి రేడియేషన్‌లో న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్నది కృష్ణా జిల్లాలో పుట్టిన మన నోరి దత్తాత్రేయుడు గారే.

బల్ల మీద ముక్క

ఆపరేషన్ అయిపోయిందని సర్జన్ బయటికొచ్చి చెప్పగానే ఇంటివాళ్లు దండం పెడతారు. మార్జిన్ సంగతి అప్పటికి తేలదు. అది తేలేది ఇంకో గదిలో, రోగి ఎప్పుడూ చూడని పాథాలజిస్టు బల్ల మీద.

తీసిన ముక్కకు సర్జన్ దారాలు కట్టి పంపుతాడు. పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం పక్కకు అని గుర్తు. ఒంట్లో ఉన్నప్పుడు ఏది పైన, ఏది కింద, ఏది లోపల అన్నది ముక్క చూసి చెప్పలేం. దారాలు లేకపోతే మార్జిన్ చెడిందని తెలిసినా ఎటువైపు చెడిందో తెలియదు.

పాథాలజిస్టు ముక్కను తుడిచి, కొలిచి, బయటి ముఖాలకు రంగు సిరాలు పూస్తారు. ఒక వైపు నలుపు, ఒక వైపు నీలం, ఒక వైపు పచ్చ. ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, తర్వాత పొడవాటి బ్లేడుతో రొట్టె ముక్కల్లా క్రమం తప్పని వరుసలో, ఏ పలక ఎక్కడిదో రాసుకుంటూ కోస్తారు. వాటిలోంచి అవసరమైన భాగాలను మైనంలో బిగించి, మిల్లీమీటరులో రెండు మూడు వందల వంతు మందాన పొరలు చెక్కి, గాజు పలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు ఎక్కిస్తారు. అప్పుడు సూక్ష్మదర్శిని. ముక్క అంచున సిరా గీత అలాగే నిలిచి కనిపిస్తుంది. ఆ సిరా గీతకూ దానికి దగ్గరగా ఉన్న క్యాన్సర్ కణానికీ మధ్య దూరం ఎంతో మిల్లీమీటర్లలో కొలుస్తారు.

రిపోర్టులో ఒక వాక్యంగా వచ్చేది ఈ కొలతే. సిరా మీద కణం లేకపోతే ఆర్ జీరో అంటారు. సూక్ష్మదర్శినిలో కణాలు అంచుదాకా కనిపిస్తే ఆర్ వన్. కంటికి కనిపించేంత గడ్డే మిగిలిపోతే ఆర్ టూ. తర్వాత రేడియేషన్ ఇవ్వాలా, మళ్లీ కోయాలా, ఊరికే కనిపెట్టుకుని ఉంటే చాలా అన్నది చాలావరకు ఈ ఒక్క వాక్యం మీద నిలబడుతుంది.

ఆపరేషన్ నడుస్తుండగానే మార్జిన్ చూసే పద్ధతీ ఉంది. 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ అనే పాథాలజిస్టు తాజా ముక్కను గడ్డకట్టించి, చెక్కి, రంగు వేసి నిమిషాల్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఫ్రోజెన్ సెక్షన్ అంటే అదే. నోటి క్యాన్సర్ ఆపరేషన్లలో ఇప్పుడు బాగా వాడుతున్నారు. రోగి బల్ల మీద ఉండగానే అంచు బాగాలేదని తేలితే అక్కడికక్కడే ఇంకొంచెం తీస్తారు. కొవ్వు, ఎముక ఉన్నచోట ఇది సరిగా కుదరదు. అందుకే చివరి మాట మైనపు ముక్కల రిపోర్టుదే.

ఎంత అంచు చాలు?

క్యాన్సర్ అనగానే ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదనుకోవడం సహజం. వైద్యలోకమూ ఒకప్పుడు అలాగే అనుకుంది. 1894లో హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ రొమ్ము క్యాన్సర్‌కు రొమ్మునీ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దాదాపు ముప్పావు శతాబ్దం అదే శాసనమైంది. ఇటలీలో వెరొనేసి 1981లో, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1985లో ప్రచురించిన అధ్యయనాలు ఆ నమ్మకాన్ని మార్చాయి. తొలిదశలో గడ్డను మాత్రం శుభ్రమైన అంచుతో తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్ము మొత్తం తీసినంత ఆయుష్షూ దక్కుతుందని తేలింది. 2014లో అమెరికా క్యాన్సర్ సర్జన్ల, రేడియేషన్ డాక్టర్ల సంఘాలు కలిసి, అలాంటి ఆపరేషన్‌లో సిరా మీద కణం లేకపోతే చాలు, ఇంకా వెడల్పు అంచు కోసం మళ్లీ కోయనక్కర్లేదని చెప్పాయి.

నోటి లెక్క వేరు. నాలుక, బుగ్గ క్యాన్సర్లలో అంచు కనీసం 5 మిల్లీమీటర్లు ఉండాలంటారు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్క కుంచించుకుపోతుంది కాబట్టి సర్జన్ నోట్లో కొలిచేటప్పుడు సెంటీమీటరు దూరం పెట్టుకుంటాడు. నోట్లో ఆ సెంటీమీటరు అంటే మాట, మింగుడు, ముఖం. ఆకువక్కలో పొగాకు, గుట్కా, ఖైనీ దవడన పెట్టుకునేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో మనందరికీ తెలుసు. పుండు చిన్నగా ఉన్నప్పుడు వస్తే ఆ సెంటీమీటరు ఇచ్చుకున్నా మనిషి మామూలుగా తింటాడు, మాట్లాడతాడు. ఆలస్యమైతే అదే సెంటీమీటరు కోసం దవడ ఎముకే పోతుంది.

పెద్దపేగు చివరన వచ్చే క్యాన్సర్‌లో చుట్టూ ఉండే అంచుదాకా కణాలు చేరితే గడ్డ అదే చోట తిరిగొస్తుందని ఇంగ్లండ్‌లోని లీడ్స్ పాథాలజిస్టు ఫిలిప్ క్విర్క్ బృందం 1986లో చూపించింది. ఒక్కో అవయవానికి ఒక్కో లెక్క ఉంది. ఏ లెక్కలోనైనా మార్పు లేనిది ఒకటే: అంచు ఎంతో కొలిచి రాసిన కాగితం ఉండి తీరాలి.

మన దగ్గర జరిగేది

తొడ మీద గడ్డ లేస్తుంది. "ఏం గాదులేబ్బా, కొవ్వు గడ్డ. కోయించుకో, పోతుంది" అంటారు తెలిసినవాళ్లు. దగ్గర్లో ఏదో క్లినిక్‌లో మత్తు సూది వేసి, అరగంటలో తీసేస్తారు. గడ్డ ఒలిచినట్టు వస్తుంది. తీసిన ముక్క బకెట్‌లోకి పోతుంది. పరీక్షకు పంపితే ఇంకో వెయ్యి రెండు వేలు ఖర్చు, ఎందుకులే అనుకుంటారు ఇద్దరూ.

అది నిజంగా కొవ్వు గడ్డే అయితే నష్టం లేదు. సార్కోమా అయితే ఆ అరగంటలో జరిగిన చెడు మామూలుది కాదు. కణాలు చెదిరి, కారిన రక్తంతో పాటు కండల మధ్యకు పాకుతాయి. ఇప్పుడు సార్కోమా సర్జన్‌కు గడ్డ కనిపించదు, మచ్చ మాత్రం కనిపిస్తుంది. ఆ మచ్చనూ, రక్తం పాకిన చోటునూ, గొట్టం పెట్టి ఉంటే దాని రంధ్రాన్నీ అన్నింటినీ కలిపి, చుట్టూ మంచి కండతో తీయాలి. కోత పొడవునా కాకుండా అడ్డంగా ఉంటే తీయాల్సింది ఇంకా పెరుగుతుంది. మొదట్లో సెంటీమీటరుతో పోయేది ఇప్పుడు అరచేయంత అవుతుంది, చర్మం అతికించాల్సి వస్తుంది, కొన్నిసార్లు చేతినో కాలినో కాపాడలేకపోతారు. ఇలాంటి రెండో ఆపరేషన్లలో చాలామంది ఒంట్లో క్యాన్సర్ మిగిలి ఉన్నట్టే తేలుతోంది.

ఒకప్పుడు దీనికి దూరాభారం ఒక కారణం. ఇప్పుడు చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఆ మాట చెల్లదు. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వేలూరు సీఎంసీ చిత్తూరుకు గంట ప్రయాణం. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఉంది. టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రికి 2018 ఆగస్టు 31న రతన్ టాటా సమక్షంలో శంకుస్థాపన జరిగింది, 2022 మే 5న అది మొదలైంది. క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్ ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందకు వస్తాయి. ఇన్ని ఉండి కూడా మొదటి కోత తొందరపాటుతో పడితే దానికి ఎవరు పూచీ?

పాఠకులకు ఒక మాట

గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, చర్మం కింద కాకుండా లోతుగా కండలో ఉన్నట్టు తగిలినా, నొప్పి పెడుతున్నా, ఒకసారి తీసిన చోటే తిరిగొచ్చినా, కోయించుకునే ముందు స్కాన్, బయాప్సీ చేయించండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం వద్దు. సరైన చోట, సరైన దిశలో గుచ్చిన సూది చెడు చేయదు. ఏమిటో తేలని గడ్డ మీద పడ్డ కత్తే చెడు చేస్తుంది.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే ఆలస్యం చేయకండి.

ఎంత చిన్న గడ్డ తీసినా ఆ ముక్కను పరీక్షకు పంపమని మీరే అడగండి. క్యాన్సర్ అని తేలితే రిపోర్టులో మార్జిన్ వాక్యం ఎక్కడుందో డాక్టర్‌ను వేలు పెట్టి చూపించమనండి. ఎన్ని మిల్లీమీటర్లు వచ్చింది, అది చాలుతుందా, చాలకపోతే ఏం చేస్తారు అని మూడు ప్రశ్నలు వేయండి. మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు. ఆ రిపోర్టును ఆధార్ కార్డు దాచినంత భద్రంగా దాచుకోండి. మొదటి కోతకు ముందు పది రోజులు ఆగి బయాప్సీ చేయించుకున్నంత మాత్రాన ఎవరికీ నష్టం రాలేదు. ఆగకుండా కోయించుకున్నవాళ్లే చేతులూ కాళ్లూ పోగొట్టుకుంటున్నారు.